భుజం కీలు ఇంప్లాంట్: ఎముకను మిగుల్చుతూ బిగువుగా నిలపడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థులకు కృత్రిమ కీళ్ల రూపకల్పన బోధిస్తున్న నాకు ప్రతి ఏడాదీ ఇంచుమించు అవే సందేహాలు ఎదురవుతున్నాయి. ఫిజియోథెరపీ చదువుతున్నవారు, ఇంట్లో పెద్దవారి ఎక్స్‌రేలు పట్టుకుని శ్రీకాకుళం నుంచి వచ్చేవారు కూడా వాటినే కొంచెం మాటలు మార్చి అడుగుతున్నారు. అందువల్ల ఆ ప్రశ్నలను వారు అడిగిన తీరులోనే ఉంచి, పని సాగే క్రమంలో దశలవారీగా కూర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నను విడిగా చదువుకోవచ్చు. ఇది ఇంప్లాంట్‌ను తయారుచేసే వైపు నుంచి రాసినది. ఏ రోగికి ఏది పెట్టాలో తేల్చవలసింది ఆ రోగిని స్వయంగా పరీక్షించిన ఎముకల డాక్టరే.

## గీత గీయడానికి ముందు

తుంటి కీలుకు ఇన్నేళ్లుగా వాడుతున్న పద్ధతినే చిన్న సైజులో భుజానికి వాడితే సరిపోదా?

సరిపోదు. తుంటిలో తొడ ఎముక తల లోతైన గిన్నెలో కూర్చుంటుంది. భుజంలో మాత్రం చేతి పై ఎముక, అంటే భుజాస్థి తల, రెక్క ఎముక అంచున ఉన్న గ్లీనాయిడ్ అనే లోతులేని గుంటను ఆనుకుని ఉంటుందే తప్ప అందులో కూర్చోదు. చేయి ఏ భంగిమలో ఉన్నా తలలో మూడో వంతుకు మించని భాగమే ఆ గుంటను తాకుతుంది. తలను మధ్యలో నిలిపే పని రొటేటర్ కఫ్ అనే నాలుగు కండరాల జట్టుది. కనుక ఆ కండరాలు చెడితే కీలు స్వభావమే మారిపోతుంది. ఇక చోటు విషయానికి వస్తే, పెద్దవారిలో గ్లీనాయిడ్ ఎత్తు సుమారు 35 మి.మీ., వెడల్పు సుమారు 25 మి.మీ.; లోపలికి మధ్యలో రెండు, రెండున్నర సెంటీమీటర్లు దిగేసరికి ఎముక సన్నబడి రేకులా అయిపోతుంది. అగ్గిపెట్టె ముఖం కంటే చిన్నదైన ఈ చోటులో ఇంప్లాంట్‌ను పదిహేను, ఇరవై ఏళ్లు కదలకుండా నిలపాలి.

భుజం బరువు మోసే కీలు కాదు కదా, దాని మీద అంత బలం ఎక్కడిది?

ఈ అపోహ వల్లనే విద్యార్థుల మొదటి లెక్కలు తప్పుతాయి. వట్టి చేతిని పక్కకు, భుజం ఎత్తు వరకు లేపినప్పుడు చేతి బరువు కీలు కేంద్రానికి సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో పనిచేస్తుంది. దాన్ని లేపే డెల్టాయిడ్ కండరం మాత్రం కేంద్రానికి కొద్ది సెంటీమీటర్ల దూరం నుంచే లాగుతుంది. ఆ తేడాను పూరించడానికి కండరం చేతి బరువుకు అనేక రెట్ల బలంతో లాగవలసి వస్తుంది, ఆ లాగుడంతా కీలు మీద నొక్కుడుగా పడుతుంది. 1978లో పాపెన్, వాకర్ వేసిన లెక్క ప్రకారం ఆ భంగిమలో కీలుపై పడే బలం శరీర బరువుకు సుమారు 0.9 రెట్లు. అరవై కిలోల మనిషి వట్టి చేయి చాపితేనే కీలు మీద యాభై కిలోలకు పైగా పడుతున్నాయన్నమాట. కళింగపట్నం తీరంలో వల లాగే మనిషికీ, పలాసలో జీడిపిక్కల బస్తా ఎత్తే మనిషికీ ఎంత పడుతుందో ఊహించుకోవచ్చు.

ఎముకను మిగల్చడం అంటున్నారు, ఏ ఎముకను? ఎందుకు?

బొబ్బిలి వీణను ఒకే పనస దుంగను తొలిచి చేస్తారు. తొలిచేటప్పుడు ఉలి ఒక్క చోట లోతుగా దిగితే ఆ చెక్కను తిరిగి అతికించలేరు. భుజం ఎముక కూడా అటువంటిదే. రూపకర్త ముఖ్యంగా మూడు చోట్లను కాపాడాలి. భుజాస్థి తలను కోసిన తరువాత దాని కింద కనిపించే స్పంజి ఎముక మొదటిది. ఎముక పై భాగంలో లోపలి పక్కన గోడలా నిలిచే గట్టి ఎముక రెండోది. మూడోది గ్లీనాయిడ్ ఉపరితలం కింద పలచగా, గట్టిగా ఉండే పొర. నా దృష్టిలో అన్నింటికంటే విలువైనది ఇదే. ఇది ఉన్నంతవరకు దాని మీద కూర్చున్న ఇంప్లాంట్ కుంగదు; చెక్కి తీసేస్తే కింద మిగిలేది మెత్తని ఎముకే. యాభై ఏళ్ల వయసులో కీలు మార్పించుకున్న మనిషికి రెండో ఆపరేషన్ అవసరం కావచ్చు, ఆ రోజు డాక్టరుకు పట్టు దొరికేది మొదటి ఆపరేషన్ మిగిల్చిన ఎముకలోనే.

## భుజాస్థి వైపు

కాడ, అంటే ఎముక గొట్టంలోకి దిగే కడ్డీ, ఎంత పొడవుంటే అంత బిగువు కదా?

గుంజ ఎంత లోతుగా పాతితే అంత గట్టిగా నిలుస్తుందన్న అనుభవం నుంచి వచ్చిన ప్రశ్న ఇది. చాలాకాలం రూపకర్తలు కూడా ఇలాగే అనుకున్నారు. 1893లో పారిస్‌లో పెయాన్ అనే శస్త్రవైద్యుడు క్షయ సోకిన భుజానికి ప్లాటినం, రబ్బరుతో చేసిన కృత్రిమ కీలును అమర్చాడు. ఇన్ఫెక్షన్ కారణంగా సుమారు రెండేళ్లకు దాన్ని తీసివేయవలసి వచ్చింది. 1950లలో అమెరికాలో చార్లెస్ నీర్, విరిగిన భుజాల కోసం ఎముక గొట్టంలోకి దిగే కాడ ఉన్న లోహపు తలను వాడుకలోకి తెచ్చాడు. తరువాతి దశాబ్దాల నమూనాల్లో చాలా భాగం ఆ బాటలోనే నడిచాయి.

అయితే పొడవాటి కాడ తన పట్టును కింది గొట్టపు ఎముకలో వెతుక్కుంటుంది. బలం అక్కడికి నేరుగా చేరిపోవడంతో పై భాగంలోని ఎముకకు పని తగ్గి అది పలచబడుతుంది. మనిషి పడిపోతే కాడ కొన దగ్గర ఎముక విరగవచ్చు. తీయవలసి వస్తే ఎముకను నిలువుగా చీల్చి తెరవవలసి రావచ్చు. 1986లో ఇంగ్లండులో కోప్లాండ్ కాడకు బదులు తల ఉపరితలాన్ని మాత్రమే టోపీలా కప్పే ఇంప్లాంట్‌ను మొదలుపెట్టాడు. 2004లో ఐరోపాలో, కోసిన ముఖం కింది స్పంజి ఎముకలోనే రెక్కలతో పట్టు తీసుకునే, కాడ లేని ఇంప్లాంట్ వచ్చింది. పొట్టి కాడలు ఈ రెండు కొసల మధ్య నిలుస్తాయి. వీటన్నిటి అనుభవం చెప్పేది ఒకటే: బిగువును నిర్ణయించేది లోతు కాదు, ఇంప్లాంట్ ఏ ఎముకను ఎంత విస్తీర్ణంలో, ఏ దిశలో పట్టుకున్నదన్నది. వెడల్పైన పై భాగంలో మూడు, నాలుగు రెక్కలతో కూర్చున్నది మెలితిప్పుడును గుండ్రని పొడవాటి కాడ కంటే బాగా తట్టుకోగలదు.

కాడ లేని ఇంప్లాంట్ అంత మంచిదైతే అందరికీ అదే పెట్టవచ్చు కదా?

పెట్టలేరు, ఎందుకంటే దాని పట్టంతా స్పంజి ఎముక మీదనే ఆధారపడి ఉంటుంది. ఆపరేషన్ బల్ల మీద డాక్టర్లు చేసే పరీక్ష చాలా సరళమైనది: భుజాస్థి తలను కోసిన తరువాత ఆ ముఖాన్ని బొటనవేలితో నొక్కి చూస్తారు. వేలు దిగబడితే ఎముక మెత్తబడిందని గ్రహించి కాడ ఉన్నదానికి మారుతారు. వయసు మళ్లిన స్త్రీలలో, ఎముక గుల్లబారినవారిలో, ఎముక పై భాగం ముక్కలైనవారిలో కాడ అవసరం పడుతుంది. అందుచేత మంచి రూపకల్పనలో కాడ లేనిదీ, పొట్టిదీ, పొడవుదీ ఒకే పనిముట్లతో, ఒకే కోతతో అమర్చేలా ఉండాలి. లేకపోతే బల్ల మీద నిర్ణయం మారినప్పుడు ఎముకను రెండుసార్లు కోయవలసి వస్తుంది.

లోహం గట్టిగా ఉండటం మంచిదే కదా, మరి కాడ చుట్టూ ఎముక ఎందుకు కరిగిపోతుంది?

ఒక దుంగను ఇద్దరు మోస్తున్నప్పుడు బలమైనవాడే బరువంతా తన మీద వేసుకుంటే రెండోవాడు ఊరకే పక్కన నడుస్తాడు. పనిలేని ఎముకను శరీరం క్రమంగా తీసివేస్తుంది. జర్మన్ వైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లో ప్రతిపాదించిన సూత్రపు సారాంశం ఇదే. గట్టి ఎముక స్థితిస్థాపక గుణకం, అంటే పదార్థపు బిరుసుదనం కొలత, 15 నుంచి 20 గిగాపాస్కల్ ఉంటే, టైటానియం మిశ్రమానిది సుమారు 110, కోబాల్ట్-క్రోమ్‌ది 200 పైమాటే. భుజాస్థి కాడకు ఈనాడు టైటానియాన్ని ఎక్కువగా ఎంచుకోవడానికి ఇదొక కారణం.

అయితే లోహాన్ని మార్చగానే పని అయిపోదు. గుండ్రని కడ్డీ వంగకుండా ఉండే గుణం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 10 మి.మీ. కాడకు బదులు 12 మి.మీ. కాడ పెడితే బిరుసుదనం రెట్టింపు దాటుతుంది. గొట్టం నిండా ఇరుక్కునే లావాటి కాడ ఎక్స్‌రేలో చూడముచ్చటగా కనిపిస్తుంది, కొన్నేళ్లకు దాని పక్కన ఎముక నీడలా పలచబడుతుంది. పై భాగంలో పట్టు, కింద వదులుగా సన్నని కొస అన్నదే నేను విద్యార్థులకు చెప్పే నియమం.

గొడ్డలి పిడిలో చీలిక కొట్టినట్టు గట్టిగా కొట్టి బిగిస్తే చాలదా?

మొదటి రోజుకు చాలుతుంది. రంధ్రం కంటే ఇంప్లాంట్ కొంచెం పెద్దదిగా ఉండి, ఎముక దాన్ని నొక్కి పట్టుకోవడం వల్ల వచ్చే బిగువు అది. పిడిలోని చెక్క అలాగే ఉండిపోతుంది గానీ ఎముక సజీవమైనది. కొన్ని వారాల్లో ఆ నొక్కుడుకు సర్దుకుని సడలుతుంది. అంతలోగా ఎముక కణాలు ఇంప్లాంట్ గరుకు ఉపరితలంలోకి పెరిగి రెండో రకం బిగువును ఇవ్వాలి. ఆ వారాల్లో ఇంప్లాంట్‌కూ ఎముకకూ మధ్య కదలిక కొద్ది పదుల మైక్రాన్లలో ఉంటే ఎముక పెరుగుతుంది. 150 మైక్రాన్లు దాటితే ఎముకకు బదులు మెత్తని నారపొర ఏర్పడుతుంది, ఆ తరువాత అది ఎప్పటికీ గట్టిపడదు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే మనకున్న వెసులుబాటు ఎంత తక్కువో తెలుస్తుంది. అలాగని బలంగా కొడితే ఎముక గోడ చీలుతుంది.

ఉపరితలమంతా గరుకుగా చేస్తే ఇంకా బాగా అతుక్కుంటుంది కదా?

అతుక్కుంటుంది, తీయవలసి వచ్చినప్పుడు రాదు. గరుకు పూతను పై భాగానికే పరిమితం చేసి, కింది భాగాన్ని నునుపుగా మెరుగు పెట్టడం మేలు.

## గ్లీనాయిడ్ వైపు

మొదట వదులయ్యేది గ్లీనాయిడ్ వైపేనట, ఎందుకు?

నాటుపడవలో ఒక అంచున మనిషి కూర్చుంటే రెండో అంచు నీటి మీదికి లేస్తుంది. చేయి పైకి, వెనక్కి కదిలినప్పుడు భుజాస్థి తల గ్లీనాయిడ్ మీద అటూ ఇటూ జరుగుతుంది. అది ఒక అంచును నొక్కిన ప్రతిసారీ ఎదుటి అంచు లేవడానికి ప్రయత్నిస్తుంది. రొటేటర్ కఫ్ కండరాలు చిరిగి ఉంటే తల పైకి జరిగి ఎప్పుడూ పై అంచునే నొక్కుతుంది కనుక ఊగిసలాట మరీ ఎక్కువ. రోజుకు వందలసార్లు ఇలా జరిగితే, ఇంప్లాంట్‌ను ఎముకకు అతికించే సిమెంట్‌కూ ఎముకకూ మధ్య సన్నని చీలిక మొదలవుతుంది. ఎక్స్‌రేలో కనిపించే నల్లని గీత అదే.

రూపకర్త చేతిలో ఉన్న ఉపాయాల్లో ఒకటి వక్రతల తేడా. గ్లీనాయిడ్ మీద అమర్చే ప్లాస్టిక్ గుంట వ్యాసార్ధాన్ని తల వ్యాసార్ధం కంటే కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచితే తల జరగడానికి చోటు దొరికి అంచు మీద భారం తగ్గుతుంది. తేడా మరీ పెంచితే తల ఒకే బిందువు మీద నిలిచి ప్లాస్టిక్ త్వరగా అరుగుతుంది. మరో ఉపాయం గుంట వీపును చదునుగా కాక ఎముక వంపుకు తగినట్టు కుంభాకారంగా చేయడం. దీనివల్ల ఎముకను తక్కువగా చెక్కితే సరిపోతుంది, పక్కకు జారే బలం కూడా కొంత నొక్కుడుగా మారుతుంది.

వెనుక ఒకే పలక ఉన్నది మంచిదా, చిన్న చిన్న మేకులు ఉన్నది మంచిదా?

సిమెంట్‌తో నిలిపే ప్లాస్టిక్ గ్లీనాయిడ్‌లలో నేను మేకుల వైపే మొగ్గుతాను. పలకకు ఎముక మధ్యలో పొడవాటి గాడి తొలచాలి, మెత్తని ఎముక ఎక్కువ పోతుంది. మేకులకు విడివిడి రంధ్రాలు చాలు. ఎక్స్‌రేలలో నల్లని గీతలు కూడా మేకుల రకంలో తక్కువగా కనిపించినట్టు పోల్చి చూసిన అధ్యయనాలు చెబుతున్నాయి. మధ్య మేకుకు చేప రెక్కల వంటి వలయాలు పెట్టి, వాటి సందుల్లోకి ఎముక పెరిగేలా వదిలి, చుట్టూ ఉన్న చిన్న మేకులకు మాత్రమే సిమెంట్ వేసే రకం ఎముకనూ బిగువునూ రెండింటినీ గౌరవిస్తుంది.

ప్లాస్టిక్ వెనుక లోహపు పలక పెట్టి స్క్రూలతో బిగిస్తే సిమెంట్ గొడవే ఉండదు కదా?

ఆలోచన బాగుంది, అనుభవం చేదుగా మిగిలింది. గ్లీనాయిడ్ దగ్గర మందానికి చోటు తక్కువ. లోహానికి కొంత మందం ఇస్తే ప్లాస్టిక్ పలచబడి త్వరగా అరుగుతుంది. ప్లాస్టిక్‌ను మందంగా ఉంచితే కీలు బయటికి నెట్టుకుపోయి కండరాలు అతిగా బిగుసుకుంటాయి. పాత లోహపు గ్లీనాయిడ్‌లలో ప్లాస్టిక్ అరిగిపోవడం, లోహం నుంచి ఊడిపోవడం, ప్లేటు వదులవడం సిమెంట్ రకాల కంటే ఎక్కువగా కనిపించాయి.

గుంట వెనుక వైపు అరిగి వంకరపోతే, ముందు వైపును చెక్కి సమం చేస్తే సరిపోతుంది కదా?

వంకర కొద్దిగా ఉంటే సరిపోతుంది. ఫ్రెంచ్ శస్త్రవైద్యుడు జిల్ వాల్ష్ తన సహచరులతో కలిసి 1999లో ప్రచురించిన వర్గీకరణలో, వెనుక వైపు అరిగి రెండు గుంటలుగా కనిపించే గ్లీనాయిడ్‌ను బి2 అన్నారు. దీనిలో ఎత్తుగా మిగిలిన ముందు వైపును చెక్కితే ముఖం సమం అవుతుంది గానీ, చెక్కిన మేర మంచి ఎముక, అందులోనూ గట్టి పై పొర పోతుంది. సుమారు 15 డిగ్రీలకు మించి ఇలా సరిచేయడం మంచిది కాదన్నది విస్తృతంగా పాటిస్తున్న హద్దు. అంతకు మించితే పల్లాన్ని ఇంప్లాంటే పూరించాలి: వెనుక వైపు మందంగా ఉన్న గ్లీనాయిడ్ వాడతారు, లేదా ఎముక ముక్కను అంటు వేస్తారు. నేల పల్లంగా ఉందని గట్టును తవ్వేకంటే పల్లానికి చెక్క పెట్టి మంచాన్ని నిలపడం మన ఇళ్లలో తెలిసిన పనే.

## రివర్స్ భుజం

బంతిని గుంట వైపు, గుంటను బంతి వైపు తిరగేయడం వల్ల ఎముకకు లాభమా, నష్టమా?

రొటేటర్ కఫ్ కండరాలు బాగుచేయలేనంతగా చిరిగినవారికి మామూలు కీలు పనిచేయదు. తలను మధ్యలో నిలిపేవారు లేరు కనుక చేయి పైకి లేవదు. ఫ్రాన్సులోని డిజాన్‌లో పాల్ గ్రామోఁ 1985లో బంతిని రెక్క ఎముకకు, గిన్నెను భుజాస్థికి అమర్చాడు. అంతకుముందూ కొందరు కీలును తిరగేశారు గానీ, వారి బంతి కేంద్రం ఎముకకు దూరంగా ఉండటంతో బలం మీట వేసి పెకలించినట్టు పనిచేసి పట్టు ఊడిపోయింది. గ్రామోఁ అర్ధగోళాన్ని వాడి కేంద్రాన్ని ఎముక ముఖం మీదికే తెచ్చాడు. పెకలించే బలం తగ్గింది, డెల్టాయిడ్ కండరానికి మీట పొడవు పెరిగి అది ఒక్కటే చేతిని లేపగలిగింది.

దీనికి చెల్లించిన మూల్యం మరొకటి. కేంద్రం లోపలికి జరగడం, కాడకూ గిన్నె అక్షానికీ మధ్య ఉన్న 155 డిగ్రీల నిటారు కోణం కలిసి, చేయి దించినప్పుడు గిన్నె అంచు రెక్క ఎముక మెడకు తగిలి గాడి పడుతుంది. అందుచేత ఇటీవలి నమూనాలు 135, 145 డిగ్రీల కోణానికి, కేంద్రాన్ని కొన్ని మిల్లీమీటర్లు బయటికి జరపడానికి మళ్లాయి. బయటికి జరిపిన ప్రతి మిల్లీమీటరూ ఎముకను గాడి నుంచి కాపాడుతుంది, బంతిని రెక్క ఎముకకు పట్టి ఉంచే లోహపు పలక, అంటే బేస్‌ప్లేట్, మీద పెకలించే బలాన్ని కొంచెం పెంచుతుంది.

బేస్‌ప్లేట్‌కు స్క్రూలు ఎన్ని ఎక్కువ ఉంటే అంత మంచిదా?

లెక్క కంటే దిశ ముఖ్యం. రెక్క ఎముకలో గట్టి ఎముక మూడు స్తంభాలుగా ఉంటుంది: పైన కోరకాయిడ్ కొమ్ము మొదలు, వెనుక రెక్క ఎముక వెన్ను, కింద పక్క అంచు. వీటిలోకి పొడవుగా దిగిన రెండు స్క్రూలు మెత్తని ఎముకలో తేలే నాలుగింటి కంటే ఎక్కువ పట్టునిస్తాయి. మధ్య స్క్రూ ప్లేటును ఎముకకు నొక్కాలి, చుట్టూ ఉన్నవి ప్లేటుకే తాళం పడి కోణం మారకుండా చూడాలి. ప్లేటు పైకి వాలితే ఏ స్క్రూలూ ఆదుకోవు.

మన ప్రాంతానికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. చిన్న కాయం ఉన్న స్త్రీలలో గ్లీనాయిడ్ వెడల్పు 25 మి.మీ. కంటే తక్కువ ఉండవచ్చు. పెద్ద శరీరాల కొలతలతో చేసిన 29 మి.మీ. ప్లేటు అక్కడ ఎముక అంచు దాటి వేలాడుతుంది. చిన్న ప్లేటు లేని సెట్టును ఇక్కడి రోగుల కోసం పూర్తి సెట్టుగా పరిగణించలేము.

## ప్రయోగశాలలో

కంప్యూటర్ విశ్లేషణలో అన్నీ పచ్చగా వచ్చాయి, ఇంకా పరీక్ష దేనికి?

సీటీ స్కాన్ నుంచి ఎముక సాంద్రతను, దాని నుంచి బిరుసుదనాన్ని అంచనా వేసి చేసే విశ్లేషణ రెండు నమూనాలను పోల్చడానికి ఎంతో ఉపయోగపడుతుంది. కానీ ఇంప్లాంట్ ఎముకకు పూర్తిగా అతుక్కుని ఉందని అనుకుని లెక్క మొదలుపెడితే, అతుక్కుంటుందా లేదా అన్న అసలు ప్రశ్న అందులోనే దాటిపోయింది. మా విద్యార్థుల ప్రాజెక్టులలో తరచుగా కనిపించే పొరపాటు ఇదే. జారుడును అనుమతించి, మొదటి వారాల స్థితిని లెక్కించాలి.

గ్లీనాయిడ్ వదులవడాన్ని కొలవడానికి అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం రూపొందించిన ఎఫ్2028 అనే ప్రమాణం ఉంది. గ్లీనాయిడ్‌ను ఎముకను పోలిన నురుగు దిమ్మెలో బిగించి, తలతో నొక్కి ఉంచి, అంచు నుంచి అంచుకు లక్ష సార్లు జరిపి, ఎదుటి అంచు ఎంత లేచిందో కొలుస్తారు. లక్ష సార్లు ఎందుకని అడుగుతారు: రోజుకు 25 సార్లు బరువైన పని చేస్తే పదేళ్లకు 91,250 అవుతుంది.

త్రీడీ ప్రింటింగ్‌తో మన ఊళ్లోనే చేసుకోవచ్చా?

నమూనా చేసుకోవచ్చు. రోగి సీటీ స్కాన్ నుంచి రెక్క ఎముక ప్లాస్టిక్ ప్రతిని ముద్రించి, డ్రిల్ ఏ కోణంలో దిగాలో ముందే చూసుకోవడం చిన్న ప్రయోగశాలలోనూ సాధ్యమే. శరీరంలో ఉంచే టైటానియం భాగం వేరే సంగతి: ఎముక పెరిగే జల్లెడ నిర్మాణాన్ని ఘన లోహంతో కలిపి ఒకే ముక్కగా ముద్రించగలగడం ఈ పద్ధతి వరమే, కానీ కరగని పొడి రేణువులు ఆ రంధ్రాల్లో మిగలకూడదు, పదేపదే బలం వేసి చూసే అలసట పరీక్షకు ముక్క నిలవాలి. భారతదేశంలో 2017 వైద్య పరికరాల నియమాల కింద కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ లైసెన్సు లేకుండా ఇటువంటి ఇంప్లాంట్‌ను తయారుచేసి అమ్మకూడదు. పరీక్షల సదుపాయాల కోసం మన జిల్లాల వారికి దగ్గరగా ఉన్నది విశాఖపట్నంలోని మెడ్‌టెక్ జోన్.

## ఆపరేషన్ తరువాత

మా నాన్నగారు వలలు లాగే మనిషి. కొత్త కీలుతో మళ్లీ ఆ పని చేయవచ్చా?

చేయి నొప్పి లేకుండా తల దాకా లేవడం, స్నానం, భోజనం, బట్టలు వేసుకోవడం చక్కగా సాగుతాయి. కుదుపుతో కూడిన లాగుడు వేరు. అది గ్లీనాయిడ్ అంచునూ రివర్స్ బేస్‌ప్లేట్‌నూ పెకలించే దిశలో పనిచేస్తుంది. తొలి ఆరు నుంచి పన్నెండు వారాలు ఎముక ఇంప్లాంట్‌లోకి పెరిగే కాలం కనుక అప్పుడు డాక్టరు పెట్టిన హద్దును అసలు దాటకూడదు. ఆ తరువాత ఎంత బరువు అన్నది ఇంప్లాంట్ రకాన్ని, ఎముక బలాన్ని బట్టి డాక్టరు చెబుతారు. పని స్వభావాన్ని ఆపరేషన్‌కు ముందే దాచకుండా చెప్పండి. పెద్దవారు చాలామంది తాము ఇక పని మానేశామని చెప్పి, నెల తిరక్కుండా తీరానికి వెళ్తారు.

నొప్పి లేదు, అయినా ఏటా ఎక్స్‌రే ఎందుకు తీయించాలి?

ఇంప్లాంట్ వదులవడం చాలాసార్లు నొప్పి కంటే ముందు చిత్రంలో కనిపిస్తుంది. పాత ఎక్స్‌రే పక్కన పెట్టి చూస్తేనే గీత వెడల్పైందో లేదో తెలుస్తుంది కనుక వాటిని పారేయకండి. మరో సంగతి: భుజంలో క్యూటీబాక్టీరియమ్ ఆక్నెస్ అనే చర్మపు బాక్టీరియా జ్వరం, చీము లేకుండా నెమ్మదిగా ఇన్ఫెక్షన్ కలిగించగలదు. దాన్ని పట్టుకోవడానికి ప్రయోగశాలలో నమూనాను సుమారు 14 రోజులు పెంచి చూడాలి. కారణం తెలియకుండా వదులైన ఇంప్లాంట్ విషయంలో డాక్టర్లు దీన్ని అనుమానిస్తారు.

ఆసుపత్రివారు ఇచ్చిన స్టిక్కర్ల కాగితం పోయింది. రెండో ఆపరేషన్‌కు ఇబ్బందా?

కొంత ఇబ్బందే. ఒక్కో తయారీకి తలను కాడ నుంచి విడదీసే పనిముట్టు, స్క్రూ తల ఆకారం వేరు. ఏ ఇంప్లాంటో ముందే తెలిస్తే ఆ పనిముట్లను తెప్పించి, కాడను ఎముకలోనే ఉంచి పైభాగాన్ని మాత్రం మామూలు రకం నుంచి రివర్స్‌కు మార్చడం కొన్ని నమూనాలలో వీలవుతుంది. తెలియకపోతే బాగున్న కాడను కూడా ఎముక చీల్చి తీయవలసి రావచ్చు. ముందుగా ఆపరేషన్ జరిగిన ఆసుపత్రిలో రికార్డుల విభాగాన్ని అడగండి, స్టిక్కర్ల రెండో ప్రతి కేస్ షీటులో ఉండవచ్చు. అక్కడ దొరకకపోతే ఆపరేషన్ అయిన కొత్తలో తీసిన ఎక్స్‌రేను తీసుకెళ్లండి. కాడ ఆకారం, స్క్రూల అమరిక చూసి అనుభవమున్న డాక్టరు చాలావరకు గుర్తుపట్టగలరు.